తోకలో ముడి

“కర్ర ఎనక్కి రాలే. సగం దాంక వచ్చింది, బస్, ఆడ ఆగిపోయింది,” అన్నాడు కెప్టెన్ రుస్తుం.

కట్టు కట్టిన ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో లేని కంట్రోలు కర్రను తనవైపు లాగి చూపించాడు. నిన్న సాయంత్రం నుంచి ఆయన ఆ కర్రను లాగుతూనే ఉన్నాడు. కంపెనీ యజమానికి చూపించాడు, కట్టు కట్టిన డాక్టరుకు చూపించాడు, పోలీసులకు చూపించాడు. ఇప్పుడు డిటెక్టివ్ యెషయా వంతు వచ్చింది.

యెషయా తొందరపెట్టలేదు. రైల్వే పోలీసులో ఉన్నన్నాళ్లూ పట్టాలు తప్పిన రైళ్ల డ్రైవర్లతో మాట్లాడి మాట్లాడి ఆయనకు ఓపిక అబ్బింది. పై అధికారితో పడక ఆ ఉద్యోగానికి నీళ్లొదిలి, సికింద్రాబాదులో సొంతంగా అపరాధ పరిశోధన మొదలుపెట్టాక ఆ ఓపికే ఆయనకు కూడు పెడుతోంది. ఈ చిన్న విమాన కంపెనీకి ఉన్నవి రెండే డకోటాలు. అందులో ఒకటి ఏరోడ్రోం చివర నాలాలో ముక్కు గుచ్చుకుని, తోక పైకెత్తి పడి ఉంది. ఎందుకు పడిందో ఇవాళ తేల్చకపోతే ఒక మనిషి మెడకు ఉరి పడుతుంది. కంపెనీ యజమాని యెషయాను పొద్దున్నే పిలిపించింది అందుకే.

“లేచే ముందు కర్ర చూసుకున్నరా?” అని అడిగాడు.

“చూడకుంట ఎట్ల లేస్తం? మద్రాసుల నేలమీద ఉన్నప్పుడు ముందుకు, ఎనక్కి చివరిదాంక లాగి చూసిన. మక్ఖన్ లెక్క కదిలింది.”

“నిన్న పొద్దుగాల ఈడికెళ్లి మద్రాసు పోయినప్పుడు?”

“ఏం తక్లీఫ్ లేదు. మంచిగ దిగిన.”

మిగతాది యెషయా ఒక్కొక్క ముక్కగా రాబట్టాడు. మద్రాసు నుంచి తిరిగొచ్చే దారంతా విమానం చెప్పినట్టే విన్నది. ఎత్తులో ఎగిరేటప్పుడు కర్రతో పెద్దగా పని ఉండదు, వేలితో తాకితే చాలు. అసలు లాగవలసి వచ్చేది దిగేటప్పుడే. రుస్తుం ఇంజన్లు తగ్గించాడు, చక్రాలు దించాడు, ముక్కు ఎత్తుదామని కర్ర లాగాడు. అది సగంలో ఆగింది. ఆయనా, పక్కనున్న కో-పైలట్ కూడా కాళ్లు తన్నిపెట్టి లాగారు. రాలేదు. ముక్కు కిందికే చూస్తోంది, నేల మీదికొస్తోంది. ఇంజన్లు మళ్లీ పెంచి, ప్రయాణికులందరినీ వెనక్కి తోలమని హోస్టెస్ మేబెల్‌కు కేక పెట్టాడు. తోక బరువెక్కితే ముక్కు కొంచెమైనా లేస్తుందని ఆశ. కొంచెమే లేచింది. దిగకూడని వేగంతో దిగి, రన్‌వే చాలక నాలాలోకి పోయారు. ఒకాయనకు భుజం ఎముక విరిగింది, కెప్టెన్‌కు మణికట్టు పోయింది, అందరూ బతికారు. అదే గొప్ప.

లాలాగూడ పిల్ల మేబెల్ నుదుటి మీద ప్లాస్టర్‌తో గుమ్మంలో నిలబడి ఉంది. తను ఒక లావుపాటి సేఠ్‌ను సీట్లోంచి లేపడానికి పడ్డ పాట్లు చెప్పింది. ఆయన మామిడిపళ్ల బుట్ట వదిలి రానన్నాడట, కండువా పట్టి ఈడ్చుకుపోయిందట. చెబుతూ నుదుటి ప్లాస్టర్ తడుముకుంది. యెషయా తన కుర్చీ ఆమెకు ఇచ్చి బయటికి నడిచాడు.

హ్యాంగర్ ముందు రెండో డకోటా ఇంజన్లు వేడెక్కుతున్నాయి. మెట్ల దగ్గర డీఎస్పీ పరాంకుశం నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. పోలీసు చర్య అయ్యాక మద్రాసు రాజ్యం నుంచి ప్రత్యేక అధికారాలతో ఇక్కడికి వచ్చిన అధికార్లలో ఆయన ఒకడు. వచ్చి ఆరు నెలలు కాలేదు కానీ ఈ ఊరి గురించి తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. ఆయన పక్కన చేతులకు బేడీలతో ఉన్న సన్నటి మనిషి షంషీర్, కంపెనీ మెకానిక్.

“యెషయా గారూ, మీరింకా కెప్టెన్ గారి చెయ్యే చూస్తున్నారా? నేను ముద్దాయితో బయల్దేరుతున్నాను,” అన్నాడు పరాంకుశం. “నాగపూర్‌లో మా పైవారి మకాం. రాత్రికి విచారణ మొదలవుతుంది.”

“రుజువేంది సార్?”

“పోయిన వారం కంట్రోలు తాళ్లు మార్చింది ఇతను. ఇతని తమ్ముడు రజాకార్లలో తిరిగి ఇప్పుడు జైల్లో ఉన్నాడు. ఇంకేం కావాలండీ?”

“తోక విప్పి చూసిండ్రా?”

పెట్రోలు కారుతోంది, సాయంత్రం దాకా దగ్గరికి పోవద్దన్నారు అని పరాంకుశం చెప్పాడు. చూసినా కొత్తగా దొరికేదేమీ ఉండదని కూడా కలిపాడు. యెషయాకు ఒళ్లు మండింది. పెట్రోలు మీద ఇసుక చల్లించి తానే ఎక్కుతానని, జెర ఆగమని అడిగాడు. పరాంకుశం గడియారం వైపే చూశాడు.

“ఈ విమానానికి సుత గీయనే తాళ్లు మార్చిండు గద. దీంట్ల మీరెట్ల ఎక్కుతున్నరు?”

“దీని కెప్టెన్ నా కళ్లముందే కర్ర చివరిదాకా లాగి చూశాడు. శుభ్రంగా ఉంది. పైగా ముద్దాయి నా పక్క సీట్లోనే కూర్చుంటాడు. ఇంతకన్నా జాగ్రత్త ఏముంటుంది?”

యెషయా షంషీర్ వైపు తిరిగాడు. చెప్పేదేమైనా ఉందా అని అడిగాడు. షంషీర్ తల ఎత్తాడు. రాత్రంతా నిద్ర లేని కళ్లు.

“తాళ్లు నేనే మార్చిన సాబ్. రెండు విమానాలకూ. తాళ్లల్ల తప్పు లేదు,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “మా అమ్మీకి జెర చెప్పుండ్రి, పరేషాన్ కావద్దని,” అన్నాడు.

“ఆ అమ్మీని కూడా తీసుకుపోవలసింది,” అన్నాడు పరాంకుశం. “ఇంట్లో తెలియకుండా ఇలాంటివి జరగవు. ముసలిదని ఇవాళ్టికి వదిలేశాను. ఇతను నోరు విప్పకపోతే రేపు ఆమె విప్పుతుంది.”

షంషీర్ ముఖంలో ఉన్న కాస్త రక్తమూ పోయింది. ఏదో అనబోయాడు, కానిస్టేబులు భుజం పట్టి మెట్లెక్కించాడు. తలుపు మూసుకుంది. డకోటా దుమ్ము లేపుకుంటూ పోయి ఎగిరిపోయింది. యెషయా దాన్ని చూస్తూ నిలబడలేదు, ఇసుక బస్తాల కోసం మనుషుల్ని పంపాడు.

గంట గడిచాక గానీ నాలా దగ్గరికి పోనివ్వలేదు. ముక్కు కిందికి, తోక పైకి ఉండడంతో విమానంలో నడవడం లేదు, పాకడమే. ఒక్కొక్క సీటూ పట్టుకుని యెషయా తోకదాకా ఎక్కాడు. చివర మరుగుదొడ్డి, దానికి కొత్త పరదా. దాని వెనక మనిషి వంగి దూరేంత చిన్న తలుపు. అది తెరిస్తే తోక డొల్ల, లోపలంతా చీకటి, రేకు వేడికి ఊపిరాడని ఉక్క. టార్చి వేశాడు.

తోకరెక్కను కదిపే ఉక్కు తాడు తలుపు పక్కనుంచి లోపలికి పోయి, రెండు బారల అవతల ఒక కప్పీ మీదుగా తిరుగుతోంది. ఆ కప్పీ గాడిలో ఆకుపచ్చటిదేదో నలిగి ఇరుక్కుని ఉంది.

యెషయా మోకాళ్ల మీద లోపలికి పాకాడు. గుడ్డ. పట్టుగుడ్డ. తాడుకు చుట్టి ముడి వేసి ఉంది. ఆ ముడి కప్పీ గాడిలోకి పోయి, మేకు కొట్టినట్టు బిగుసుకుంది. కర్ర లాగితే తాడు కప్పీ మీద జారాలి, జారే దారి లేదు. కారణం దొరికింది. కానీ అది ముస్లింలు పవిత్రంగా చూసే రంగు. పరాంకుశం ఈ ఆకుపచ్చ గుడ్డను చూస్తే చాలు, తీర్పు రాసేసినట్టే.

కత్తితో కోసి గుడ్డను బయటికి తీశాడు. వట్టి పీలిక కాదది. రెండు మడతలు పెట్టి, మధ్యలో సంచిలా వదిలి, అంచులు ఓపిగ్గా కుట్టిన పట్టీ. సంచి చిరిగిపోయి ఖాళీగా ఉంది. అందులో ఏదో ఉండి ఉండాలి. తోక పైకి లేచి ఉంది కాబట్టి అది తలుపు వైపే దొర్లి ఉంటుంది. వెతికితే తలుపు గడప మూలలో చార్మినార్ బొమ్మ ఉన్న వెండి సిక్కా ఒకటి దొరికింది.

దాన్ని అరచేతిలో పెట్టుకుని యెషయా అక్కడే చతికిలబడ్డాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇమామ్ జామిన్. దూరం పోయే మనిషి క్షేమంగా చేరాలని ఇమాము పేరున సిక్కా కుట్టిన పట్టీ కుడి బాజుకు, అంటే కుడి దండచేతికి, కట్టి పంపుతారు. చేరాక ఆ సిక్కాను ఫకీరుకు ఇస్తారు. ఈ ఊళ్లో పుట్టినవాడికి ఇది ఒకరు చెప్పవలసిన సంగతి కాదు. తను రైల్వేలో చేరి మొదటిసారి డ్యూటీ మీద వాడి జంక్షన్‌కు పోతున్నప్పుడు, క్రైస్తవుల ఇంటి పిల్లవాడని కూడా చూడకుండా, పక్కింటి బీబీ తన బాజుకూ ఒకటి కట్టింది. ఎవరో ఈ విమానం క్షేమం కోరి దీన్ని కట్టారు. ఎక్కడ కట్టకూడదో అక్కడ కట్టారు.

మళ్లీ టార్చి వేసి తాడును చూశాడు. కొత్త తాడంతా గ్రీజుతో నిగనిగలాడుతోంది. తలుపు దగ్గర చెయ్యి చాపితే అందే చోటు నుంచి కప్పీ దాకా మాత్రం గ్రీజు లేదు, తుడిచినట్టు ఉంది. అంటే ముడి మొదట తలుపు దగ్గరే పడింది. మద్రాసు పోయి వచ్చే ఆ రెండు ప్రయాణాల అదురుకు గ్రీజు మీద జారుకుంటూ కప్పీని చేరింది. అందుకే మద్రాసులో కర్ర వెన్నలా కదిలింది. చెడగొట్టాలనుకున్నవాడైతే లోపలికి పాకి కప్పీ దగ్గరే కడతాడు. ఇది కట్టిన మనిషి లోపలికి రాలేదు, తలుపులో నిలబడి చెయ్యి చాపి కట్టారు. యెషయా మనసు తేలికపడింది. షంషీర్ బతికాడనుకున్నాడు.

తిరిగి దిగుతుంటే మరుగుదొడ్డి పరదా ముఖానికి తగిలింది. దాని అంచును చూసి ఆగాడు. చేతిలోని పట్టీని పక్కన పెట్టి చూశాడు. అదే కుట్టు. చివర దారాన్ని రెండుసార్లు వెనక్కి తిప్పి తెంచిన తీరు కూడా అదే.

కింద నిలబడ్డ మేబెల్‌ను పరదాలు కుట్టిందెవరని అడిగాడు.

“ఖమర్ బీ. మొన్న ఆమెనే వచ్చి తగిలించి పోయింది,” అంది మేబెల్. “కార్ఖానా బస్తీల ఉంటది. మన షంషీర్ వాళ్ల అమ్మీ గద ఆమె.”

కార్ఖానాలో ఆ ఇంటి తలుపు తీసే ఉంది. ఖమర్ బీ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది గానీ మిషను ఆడడం లేదు. దాని మీద సగం కుట్టిన పరదా అలాగే ఉంది. యెషయాను చూడగానే లేచి, ముసుగు సర్దుకుని, కొడుకు తిన్నాడా అని అడిగింది. వదిలేస్తారా అని కాదు, తిన్నాడా అని. జేబులోంచి సిక్కా, గుడ్డ తీసి మిషను మీద పెట్టాడు.

ఆమె ముఖం ఒక్కసారిగా విప్పారింది.

“ఇది మీకెట్ల దొరికింది బేటా? ఫకీరుకు ఇయ్యాలె గద,” అంది. “గంత పెద్ద ఆపద వచ్చినా మంది అందరు బతికిండ్రు. ఇమామ్ సాబే కాపాడిండు.”

యెషయా ఉద్యోగ జీవితంలో దొంగల చేత నిజం చెప్పించాడు, హంతకుల చేత చెప్పించాడు. ఈ ముసలావిడకు నిజం చెప్పడం వాటన్నిటికన్నా కష్టంగా ఉంది. ముందు ఆమెనే చెప్పనిచ్చాడు. తమ్ముడు జైలుకు పోయినప్పటి నుంచి కంపెనీలో షంషీర్‌ను అందరూ అనుమానంగానే చూస్తున్నారు. నేను ముట్టిన విమానానికి చిన్న గీత పడ్డా నన్నే పట్టుకపోతరమ్మీ అని రోజూ అనేవాడు. వాడికి అన్నం కూడా సరిగ్గా దిగేది కాదు. అందుకే ఆమె విమానానికి ఇమామ్ జామిన్ కుట్టింది. బయట రెక్కకు కడితే గాలికి పోతుంది. పరదా తగిలించేటప్పుడు వెనక చిన్న తలుపు తీసి చూస్తే ఉక్కు తాడు కనబడింది. రెక్కలను ఆడించేది అదేనని కొడుకు ఎప్పుడో చెప్పాడు. అదే విమానం బాజు అనుకుంది. బిస్మిల్లా అని కట్టేసింది.

“కొడుక్కు చెప్పినవా అమ్మా?”

“చెప్తే తీసేస్తడు. గిసుంటియి వాడు నమ్మడు.”

యెషయా పేము మోడా లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. తాడు ఎలా తిరుగుతుందో, ముడి ఎలా జారిందో, కర్ర ఎందుకు రాలేదో మెల్లగా చెప్పాడు. తప్పు ఆమెది కాదని, దీనితో షంషీర్ విడుదలవుతాడని కూడా చెప్పాడు. ఆమె వింటూ వింటూ మిషను పట్టుకుంది. తర్వాత, భయపడుతున్న పిల్లలా అడిగింది.

“మరి రెండో దాంట్ల సుత ఇరుక్కుంటదా బేటా?”

“రెండో దాంట్ల?”

“రెండింటికీ కట్టిన గద. రెండిటి తాళ్లు నా కొడుకే మార్చిండు, ఒకదానికి కట్టి ఇంకోదానికి కట్టకుండ ఎట్ల ఉంట? అది హ్యాంగర్లనే ఉండె. ఎవరి కంట పడకుండ జెర లోపలికి పోయి కట్టిన.”

యెషయా మోడా మీంచి లేచాడు. లోపలికి పోయి కట్టిందంటే కప్పీకి దగ్గర. దగ్గరైతే రెండు ప్రయాణాలు అక్కర్లేదు, ఒక్కటి చాలు.

“అది ఇప్పుడు యాడుంది?” అంది ఖమర్ బీ.

“నాగపూర్ పోయింది.”

“అండ్ల ఎవరున్నరు?”

దాచాలనిపించింది, దాచలేకపోయాడు. “షంషీర్ ఉన్నడమ్మా,” అన్నాడు. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన కన్నా ముందు జీపు దగ్గరికి పరుగెత్తింది.

ఏరోడ్రోంలో వైర్‌లెస్ గది చిన్నది. చెవులకు బిగించుకునే యంత్రంతో వైర్‌లెస్ ఆపరేటరు ఏసురత్నం టీ తాగుతూ కూర్చుని ఉన్నాడు. అంత దూరానికి మాట పోదు, టకటకలాడే మీట మీదే కబురు పంపాలి. యెషయా రొప్పుతూనే చెప్పాడు. దిగొద్దు, పైనే ఉండండి. తోకలో తాడుకు గుడ్డముడి ఉంది, షంషీర్‌ను పంపి తీయించండి. ఏసురత్నం టీ గ్లాసు కింద పెట్టి మీట కొట్టడం షురూ చేశాడు. ఖమర్ బీ గుమ్మం అవతల నేల మీద కూర్చుంది. ముడి ఎవరు కట్టారో యెషయా ఆ కబురులో చేర్చలేదు. పరాంకుశం చెవిన ఆమె పేరు పడితే ఏమవుతుందో ఆయన పొద్దున్నే విన్నాడు.

జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో గానీ, ఆ కాసేపట్లో యెషయా చొక్కా చెమటతో తడిసిపోయింది. ఏసురత్నం వింటూ ఒక్కొక్క మాటే పైకి చెప్పాడు.

“ఒకపారి దిగబోయిన్రట సార్. కర్ర సగంల ఆగిందట. ఇంజన్లు పెంచి మల్ల పైకి లేచిన్రు. మందిని తోక దిక్కు పంపిన్రు.” కాసేపాగి, “పెట్రోలు ఎక్కువ లేదంటున్నరు,” అన్నాడు.

“షంషీర్ సంగతి?”

“డీఎస్పీ సాబ్ బేడీలు తీయనంటున్నడట. లోపలికి పంపితే తాడే కోసేస్తడంటున్నడు. కో-పైలట్‌ను పొమ్మంటున్నడు. కర్ర పట్టనీకె ఇద్దరు పైలట్లు కావాలె, పంపలేనని కెప్టెన్ అంటున్నడు.”

యెషయా బల్ల మీద గుద్దాడు. పరాంకుశాన్ని నాలుగు తిట్టాలనిపించింది, కానీ మీట మీద తిట్లు పంపితే పెట్రోలు తిరిగి రాదు. కోపాన్ని మింగి, ఆ మనిషి తలకెక్కేలా ఏం చెప్పాలా అని ఆలోచించాడు. పొద్దున ఆయన అన్న మాటే గుర్తొచ్చింది, ముద్దాయి తన పక్క సీట్లోనే కూర్చుంటాడని.

“డీఎస్పీకి ఇట్ల కొట్టు ఏసురత్నం. షంషీర్ మిమ్మల్ని చంపాలనుకుంటే సీట్లోంచి లేవాల్సిన పని లేదు. ఊరికే కూర్చుంటే చాలు.”

ఏసురత్నం కొట్టాడు. మీట ఆగింది. గుమ్మంలో ఖమర్ బీ పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. యెషయా కూడా చిన్నప్పుడు నేర్చిన ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయి మళ్లీ మొదటికి వచ్చాడు. పెట్రోలు ఎంతుందో, ఎంతసేపు తిరగగలరో ఏసురత్నాన్ని అడగాలనుంది, అడగడానికి భయమేసింది.

“డీఎస్పీ సాబ్ బేడీల తాళంచెవి ఇచ్చిండట,” అన్నాడు ఏసురత్నం.

మళ్లీ నిశ్శబ్దం. ఇది మొదటిదానికన్నా పొడుగ్గా అనిపించింది. ఎగిరే విమానం తోకలో, ఆ చీకట్లో, ఆ ఉక్కలో బిగిసిన ముడిని వేళ్లతో విప్పడం ఎలా ఉంటుందో యెషయాకు తెలుసు. తను తీసింది నేల మీద ఉన్నదాన్ని, అదీ కత్తితో. వాడి దగ్గర కత్తి ఉండదు, పరాంకుశం ఇవ్వడు.

అప్పుడు ఏసురత్నం ఒక్కసారి కుర్చీలోంచి సగం లేచాడు.

“కర్ర వదులైంది సార్. చివరిదాంక వస్తున్నది. దిగుతున్నరు.”

యెషయా గుమ్మంలోకి పోయి ఖమర్ బీ ముందు గొంతుక్కూర్చున్నాడు. కొడుకు క్షేమమని, అందరినీ వాడే బతికించాడని చెప్పాడు. ఆమె రెండు చేతులతో ఆయన తల నిమిరి, దిష్టి తీస్తున్నట్టు తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. ఇక పరాంకుశం కూడా ఏమీ అనలేడనుకున్నాడు యెషయా. ప్రాణం పోసినవాణ్ని ఏ అధికారి పట్టుకుపోతాడు? గుడ్డ, సిక్కా, తాడు మీద తుడుచుకుపోయిన గ్రీజు రుజువులుగా ఉన్నాయి, ఎవరికీ ఉరి లేకుండా సంగతంతా నెమ్మదిగా విప్పి చెప్పవచ్చు.

లోపల మీట మళ్లీ టకటకలాడింది. చాలాసేపు ఆడింది. అది ఆగాక కూడా ఏసురత్నం పిలవలేదు. యెషయా లేచి లోపలికి పోయాడు.

“నాగపూర్‌ల దిగిన్రు,” అన్నాడు ఏసురత్నం, తల ఎత్తకుండా. “షంషీర్ తోకలకెళ్లి బయటికొచ్చి, ఆ గుడ్డ చేతుల పట్టుకొని జెరసేపు చూసిండట. అటెనుక డీఎస్పీ సాబ్‌కు తనే చెప్పిండట, రెండిట్ల కట్టింది నేనే, విమానాలు కూల్చనీకె కట్టిన, ఇంకెవ్వరికి తెల్వదు అని. ప్రయాణికులు ఇద్దరు సాక్షి సంతకం పెట్టిన్రు. మల్ల బేడీలు ఏసిన్రు.”

ఆ కుట్టు ఎవరిదో పరదా చూసిన యెషయాకే తెలిసింది. పుట్టినప్పటి నుంచి ఆ కుట్టు బట్టలే తొడిగినవాడికి తెలియదా? ముడి ఎవరు కట్టారో చెప్పకుండా తను ఆ తల్లిని దాచాననుకున్నాడు. కొడుకు ఆమెను దాచడానికి తన మెడే ముందుకు పెట్టాడు. ఇక ఇమామ్ జామిన్ అనీ, గ్రీజు అనీ తను ఏం చెప్పినా, ఒప్పుకున్న ముద్దాయి మాట ముందు పరాంకుశం వాటిని పక్కకు నెట్టేస్తాడు. ఆయన మీద యెషయాకు కోపం కూడా రాలేదు, తన మీద తనకే వచ్చింది.

“నా కొడుకు ఏమన్నడు?”

ఖమర్ బీ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. అబద్ధం చెప్పడానికి యెషయా నోరు తెరిచాడు. ఆమె కళ్లు చూసి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆమె ఏడవలేదు. బల్ల దగ్గరికి నడిచి, ఏసురత్నం వేళ్ల కింద ఉన్న ఆ చిన్న ఇత్తడి మీటను చూసింది.

“దాంతోని చెప్తే వాళ్లకు చేరుతదా?” అని అడిగింది. ఏసురత్నం తల ఊపాడు. “అయితే కొట్టు బేటా. కట్టింది ఖమర్ బీ అని. నన్ను పట్టుకపొమ్మను, నా కొడుకును ఇడిసిపెట్టుమను.”

వద్దని యెషయా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తల్లి పేరు కూడా పంపితే పరాంకుశం ఒకరిని వదిలి ఒకరిని పట్టుకునే మనిషి కాదని, ఇద్దరినీ పట్టుకుంటాడని చెప్పాడు. పంపకపోతే తెల్లారేసరికి షంషీర్ ఒక్కడికే శిక్ష ఖాయమవుతుందని ఆమె చెప్పకుండానే ఆయనకు తెలుసు. ఆమె చెయ్యి విడిపించుకుని, నెత్తి మీది ముసుగు సర్దుకుని, మళ్లీ అదే మాట అంది. ఏసురత్నం మీట మీద వేలు పెట్టి, ఏం పంపమంటారని యెషయా ముఖంలోకి చూశాడు.